మందుకు తాయిలం వేషం

ఇటీవలి కాలంలో నా వద్దకు వచ్చే గృహస్థులు అడిగే ప్రశ్నలలో ఒక కొత్త ప్రశ్న చేరినది. పిల్లవాని దగ్గు, పెద్దవారి మోకాళ్ళ నొప్పులు, ఇల్లాలి నిద్రలేమి వంటి పాత ప్రశ్నల నడుమ "కుక్క బెదరకుండ ఉండడానికి తెప్పించిన బిస్కట్లన్నీ అది ఒక్కసారే తినివేసినది, విరుగుడు ఏమిటి?" అని అడుగుతున్నారు. నేను పశువైద్యుడను కాను. మనుష్య వైద్యమే గురుముఖతః నేర్చుకొన్నవాడను. అయినను ఈ ప్రశ్న నా గుమ్మానికి రావడానికి కారణమున్నది. ఆ డబ్బాలపై అశ్వగంధ, బ్రాహ్మి, జటామాంసి, తగర అనే పేర్లు కనబడుతున్నవి. మన శాస్త్రం పేరు చూచి ధైర్యంగా కొన్నవారికి, కష్టం వచ్చినపుడు సమాధానం చెప్పవలసిన బాధ్యత మా వైద్యులపై కూడ ఉన్నది.

ఒకప్పుడు మా ఎల్లారెడ్డిపేటలో కుక్క అంటే వాకిట పడుకొని, పెరుగన్నం తిని, కల్లానికి కాపలా కాసే జీవి. నేడు అది ఇంటిలోపలి సభ్యుడు. సిరిసిల్ల మరమగ్గాల చప్పుడు మధ్య నిశ్చింతగా నిద్రపోయే కుక్క కూడ దీపావళి టపాసులకు, బరాత్ డీజేకు, నిమజ్జనపు డప్పులకు మంచం కింద దూరి వణుకుతుంది. దాని బాధ చూడలేక యజమాని ఫోనులో వెదకుతాడు. రెండు రోజులలో ఒక డబ్బా ఇంటికి వస్తుంది. అందులో మాంసపు వాసన, తియ్యదనం కలిపి మెత్తగా చేసిన ముక్కలుంటాయి. కుక్క ఎగిరి అందుకొని తింటుంది. ఇల్లంతా సంతోషిస్తుంది. ప్రమాదానికి పునాది పడేది కూడ ఆ సంతోషంలోనే.

శరీరంపై పనిచేసే ద్రవ్యమేదైనా ఔషధమే. దానిని తాయిలమని అమ్మినా, తాయిలమని పెట్టినా దాని గుణం మారదు. మనిషికి మందు చేదుగా ఉంటుంది గనుక ఎక్కువ తినడు. కుక్కకు మందును రుచిగా చేసి, అది ముట్టకూడదని ఆశించడం ఏ న్యాయం? అట్టి ప్రమాదం జరిగినపుడు వంటింటి విరుగుడులను కట్టిపెట్టడమే మొదటి చికిత్స అని నా అభిప్రాయం. గృహవైద్యానికి అంకితమైన పత్రికలో ఈ మాట వ్రాయడం కొందరికి వింతగా తోచవచ్చును. కారణాలు విన్నవిస్తాను.

గురుకులంలో మాకు మొదట నేర్పినది మూలికల పేర్లు కాదు, తూకం. గురివింద గింజలను ముందు పోసుకొని, చూర్ణం ఎంతైతే ఎన్ని గింజలకు సరితూగుతుందో చేతికి అలవాటయ్యేవరకు తూచేవారము. శార్ఙ్గధరుడు పసిబిడ్డకు మొదటి నెలలో ఒక గురివింద గింజ ఎత్తు మందు చెప్పి, ఏడాది నిండేవరకు నెలకు ఒక్కొక్క గింజ ఎత్తు పెంచుమన్నాడు. అంటే తల్లికి మేలు చేసే మోతాదు బిడ్డకు పనికిరాదని వందల ఏళ్ళ క్రితమే లెక్క కట్టి చెప్పారు. ఇక జాతియే వేరైన జీవి మాట చెప్పవలెనా? గుర్రాలకు శాలిహోత్రుని శాస్త్రమని, ఏనుగులకు పాలకాప్యుని హస్త్యాయుర్వేదమని మన పూర్వులు ప్రత్యేక గ్రంథాలు ఏర్పరచుకొన్నది కూడ అందుకే. మనిషికి చెప్పిన యోగాన్ని చిన్న ముక్కలుగా కోసి కుక్కకు పెట్టుమని వారు చెప్పలేదు.

రెండేళ్ళ క్రితం దీపావళి మరునాడు మా వీధిలోని ఒక ఉపాధ్యాయుని కుమారుడు పరుగున వచ్చినాడు. "తాతా, మా కుక్క డబ్బా మొత్తం తిన్నది. తూలుతున్నది. అమ్మ చింతపండు రసం పోస్తనంటున్నది, పోయాల్నా?" అని అడిగినాడు. "ఏమీ పోయొద్దు బిడ్డా. డబ్బా పట్టుకొని రా. మీ బాపును బండి తీయమను" అన్నాను. ఆ కుక్క బరువు ఎనిమిది కిలోలు. డబ్బాపై రోజుకు ఒక ముక్క అని ఉన్నది. లోపల ఉండవలసిన 50 ముక్కలలో 6 మాత్రమే మిగిలినవి. అంటే ఆ చిన్న ప్రాణి నెలన్నరకు సరిపడే మందును ఒక్క పూటలో మింగినది. పశువైద్యులు డబ్బా చదివి, లెక్క విని, తగిన చికిత్స చేసి, ఆ రాత్రి ఎట్లు కనిపెట్టవలెనో చెప్పి పంపినారు. మరునాటి సాయంకాలానికి అది లేచి తిరిగినది. దానిని కాపాడినది నా మూలిక ఏదీ కాదు. ఖాళీ డబ్బా, ముక్కల లెక్క, సమయానికి కదలిన బండి.

ఆ తల్లికి చింతపండు గుర్తుకు రావడంలో ఆశ్చర్యం లేదు. మత్తు దిగడానికి పులుసు నీళ్ళు త్రాగించడం మన ఇళ్ళలో తరతరాల అలవాటు. కాని కుక్క విషయంలో ఆ అలవాటే అపాయం. ద్రాక్ష, ఎండుద్రాక్ష తిన్న కుక్కలకు మూత్రపిండాలు చెడిపోవడం పశువైద్యులు చాల కాలంగా చూస్తున్నారు. కారణం వాటిలోని టార్టారిక్ ఆమ్లమని ఇటీవలి సంవత్సరాలలో భావిస్తున్నారు. చింతపండు పులుపునకు మూలం కూడ ఆ ఆమ్లమే. చింతపండు తిన్న కుక్కలకు అదే విధంగా మూత్రపిండాలు దెబ్బతిన్న సంఘటనలు 2022లో పశువైద్య పత్రికలో ప్రచురితమైనవి. మత్తు దించబోయి మూత్రపిండాలను పోగొట్టుకొనడం ఎంతటి అనర్థమో పాఠకులే గ్రహించవలెను.

ఉప్పునీళ్ళు పోసి కక్కించడం మరొక అలవాటు. కుక్కకు ఉప్పు మితిమీరితే రక్తంలో సోడియం పెరిగి వణుకు, ఫిట్స్ వస్తాయి. గొంతులో వేలు పెట్టి కక్కించబోతే చేయి కరుస్తుంది. అన్నిటికంటె ముఖ్యమైనది మరొకటి. మగతలో ఉన్న జీవి కక్కితే ఆ కక్కు ఊపిరితిత్తులలోనికి పోతుంది. మన పంచకర్మలలో వమనానికి ఎన్ని నియమాలున్నవో తెలిసిన వైద్యుడెవడూ స్మృతి తప్పుతున్న రోగికి వమనం చేయించడు. కుక్కకు కూడ అంతే. కక్కించవలెనా వద్దా అన్నది తిని ఎంతసేపయినది, అది ఎంత మెలకువగా ఉన్నది అనే విషయాలను చూచి పశువైద్యుడు తేల్చవలసిన మాట.

విషచికిత్సలో నేతికి మన శాస్త్రం పెద్ద పీట వేసినది. అయినను కుక్కకు గిన్నెడు నెయ్యి పోయరాదు. ఒకేసారి అంత కొవ్వు పడితే దాని క్లోమం వాచిపోయే ప్రమాదమున్నది. వెల్లుల్లి, ఉల్లి రసాలు దాని ఎర్ర రక్తకణాలను ధ్వంసం చేస్తాయి. పొయ్యిలోని బొగ్గు నూరి పోయడం కూడ కూడదు. వైద్యులు వాడే బొగ్గు చూర్ణం వేరు, పొయ్యి బొగ్గు వేరు.

ఆ డబ్బాలలో ఏముంటుందో ఇప్పుడు చూతము. చాల వాటిలో తేయాకులో ఉండే థియానిన్, ట్రిప్టోఫాన్ అనే పదార్థం, రాత్రివేళ మెదడులో తయారయ్యే మెలటోనిన్ అనే హార్మోను, చామంతి జాతి పూవులు, తగర జాతి వేళ్ళు ఉంటాయి. ఇవి ఎక్కువైనపుడు సాధారణంగా కనిపించేవి వాంతి, విరేచనం, చొంగ, మగత, తూలడం. కొన్ని కుక్కలలో ఇందుకు విరుద్ధంగా ఆందోళన పెరుగుతుంది. ఎక్కువ కుక్కలు ఒకటి రెండు రోజులలో కోలుకొంటాయి. కాని మెత్తని ముక్కలు చాల తింటే అవి కడుపులోనికి నీటిని లాగుకొని శరీరాన్ని ఎండబెట్టవచ్చును. డబ్బాలోని తేమను పీల్చే చిన్న పొట్లం, ప్లాస్టిక్ మూత ముక్కలు ప్రేగులకు అడ్డుపడవచ్చును. భయానికి ఇదివరకే పశువైద్యుడు వ్రాసిన మాత్రలు వాడుతున్న కుక్క అయితే రెండూ కలిసి వికటించవచ్చును. ఈ సంగతి వైద్యునికి తప్పక చెప్పవలెను.

నిజమైన ప్రాణాపాయం నాలుగు రూపాలలో దాగి ఉన్నది. మొదటిది జైలిటాల్ అనే తీపి పదార్థం. మనుషుల కోసం చేసే నిద్ర గమ్మీలలో, చక్కెర లేని చూయింగ్ గమ్ములలో ఇది ఉండవచ్చును. మనకు హాని చేయని ఈ తీపి కుక్క శరీరంలో ఇన్సులిన్‌ను ఒక్కసారిగా విడుదల చేయిస్తుంది. కిలో బరువుకు 0.1 గ్రాము చాలును, చక్కెర పడిపోతుంది. 0.5 గ్రాము దాటితే కాలేయం చెడవచ్చును. అంటే 10 కిలోల కుక్కకు ఒక్క గ్రాము కూడ అపాయమే. లక్షణాలు అరగంటలో రావచ్చును, కొన్ని గంటలు ఆలస్యం కూడ కావచ్చును. రెండవది చాక్లెట్, ఎండుద్రాక్ష కలిసిన తినుబండారాలు. మూడవది గంజాయి జాతి ఆకు కలిసిన నూనెలు, ముక్కలు. వీటిని విజయ అనే శాస్త్రనామంతో కూడ అమ్ముతున్నారు. మత్తు అంశం ఎక్కువైతే కుక్క తూలుతుంది, తెలియకుండ మూత్రం కారుస్తుంది, చిన్న శబ్దానికే ఉలిక్కిపడుతుంది, ఒళ్ళు చల్లబడుతుంది. నాల్గవది ఇంటిలోని పెద్దల నిద్రమాత్రలు.

ఈ నాల్గవ దానిలో మన మందులు కూడ చేరుతాయి. నిద్రకు, రక్తపోటుకు వాడే కొన్ని యోగాలలో సర్పగంధ ఉంటుంది. బొంబాయి వైద్యులు రుస్తుం జాల్ వకీల్ 1949లో ఈ మూలిక రక్తపోటును తగ్గించే తీరును బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో ప్రకటించగా, 1952లో దాని వేరు నుండి రిసర్పిన్‌ను వేరు చేశారు. అంతటి తీక్ష్ణమైన ద్రవ్యాన్ని ఒక చిన్న కుక్క డబ్బాతో సహా నమిలితే దాని రక్తపోటు, గుండె వేగం పడిపోవా? అశ్వగంధ విషయంలో 2023లో డెన్మార్క్ దేశం దానిని నిషేధించినది. ఆ నిర్ణయంతో నేను ఏకీభవించను. కాని అశ్వగంధ వాడిన కొందరికి కాలేయం దెబ్బతిన్న సంఘటనలు వైద్య పత్రికలలో నమోదైన మాట నిజం. మూలిక గనుక ఏమీ కాదని చెప్పేవాడు మూలికను గౌరవించేవాడు కాడు. గుణమున్న చోట దోషం కూడ ఉంటుందని ఒప్పుకొన్నపుడే అది వైద్యం.

ఇక ప్రమాదం జరిగినపుడు చేయవలసినది. మిగిలిన ముక్కలను వెంటనే తీసివేయవలెను. ఇంటిలో రెండవ కుక్క ఉన్నచో వేరు చేసి, అది కూడ తిన్నదేమో చూడవలెను. డబ్బాను పారవేయరాదు. ఎన్ని ఉండవలెను, ఎన్ని మిగిలినవి, ఎప్పుడు తిన్నది అనే మూడు లెక్కలు కాగితంపై వ్రాసుకొనవలెను. కుక్క బరువు తెలియకున్నచో, దానిని ఎత్తుకొని ఒకసారి, ఒంటరిగా ఒకసారి తూకపు యంత్రంపై నిలబడి తీసివేత చేయవచ్చును. ఆ వెంటనే పశువైద్యునికి ఫోను చేయవలెను. తిన్న తరువాతి మొదటి గంట, రెండు గంటలు మిక్కిలి విలువైనవి. లక్షణాలు కనబడలేదని ఆ సమయాన్ని పోగొట్టుకొనరాదు.

మెలకువగా ఉన్న కుక్కకు గిన్నెలో నీళ్ళు అందుబాటులో పెట్టవలెను, గొంతులో పోయరాదు. మగతగా ఉన్నదానికి నోటి ద్వారా ఏదీ ఇవ్వరాదు. జైలిటాల్ తిని నీరసించిపోతున్నదని తెలిసినపుడు చిగుళ్ళకు కొంచెం తేనె రాయమని పశువైద్యుడు చెప్పవచ్చును. ఆయన చెప్పినచో మాత్రమే ఆ పని చేయవలెను. లేపినా లేవకపోవడం, నిలబడలేకపోవడం, వణుకు, ఫిట్స్, చిగుళ్ళు తెల్లబడడం లేక నీలివర్ణం కావడం, ఊపిరి బాగా నెమ్మదించడం, వాంతులు ఆగకపోవడం, వీటిలో ఏ ఒక్కటి కనబడినా ఫోనులో మాటలు ఆపి బయలుదేరవలెను. దారిలో దానిని ప్రక్కకు పడుకోబెట్టి, మెడ వంగకుండ చూచి, దుప్పటి కప్పవలెను. మూతి కట్టరాదు. కట్టిన మూతితో వాంతి అయితే ఊపిరాడదు.

వైద్యుడు ఇంటి వద్దనే చూచుకొనమన్నచో చీకటి, నిశ్శబ్దం ఉన్న గదిలో ఉంచవలెను. మెట్లు, మేడ, బావిగట్టు దరికి పోనీయరాదు. రాత్రి నడుమ నడుమ పేరు పెట్టి పిలిచి, తల ఎత్తుతున్నదా, ఊపిరి సాఫీగా ఉన్నదా చూడవలెను. మరునాడు మళ్ళీ భయపడినదని అదే ముక్క పెట్టరాదు.

ఎక్కడికి తీసుకొని పోవలెనన్నది మన వంటి ఊళ్ళలో పెద్ద ప్రశ్న. నగరంలో వలె రాత్రింబవళ్ళు తెరచి ఉండే కుక్కల ఆసుపత్రులు మనకు లేవు. మొదట పోవలసినది దగ్గరి ప్రభుత్వ పశువైద్యశాల. తెలంగాణలో 2017లో 1962 నంబరుతో సంచార పశువైద్య వాహనాలు ప్రారంభమైనవి. అవి ముఖ్యంగా పాడిపశువులు, గొర్రెలు, మేకల కోసం ఉద్దేశించినవి. అయినను ఫోను చేసి దగ్గరలో వైద్యుడెవరున్నారో అడగడంలో తప్పులేదు. జగిత్యాల జిల్లా కోరుట్లలో పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయపు కళాశాల ఉన్నది. మా వైపు నుండి దూరమే. అందుచేత పండుగకు ముందే పశువైద్యుని నంబరు గోడపై వ్రాసిపెట్టుకొనవలెను. ప్రమాదం వచ్చిన తరువాత వెదకడం ఆరంభిస్తే వెదకులాటలోనే గంట గడిచిపోతుంది.

అసలు కుక్కకు కావలసినది మత్తా, అభయమా? మత్తుకు శాంతి అని పేరు పెట్టుకొన్నందువల్ల కలిగే నష్టం మన తెలంగాణకు తెలియనిది కాదు. కల్లులో డైజిపామ్, అల్ప్రజోలామ్ కలిపి అమ్మిన పాపం మన ఊళ్ళలో జరిగినదే. 2015 సెప్టెంబరులో కల్తీ కల్లుపై దాడులు జరిగి అది దొరకకపోయేసరికి నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు ఎందరో పిచ్చిచూపులతో, వణుకుతో ఆసుపత్రులలో చేరినారు. మత్తు మనస్సును కుదుటపరచలేదని ఆనాడు కళ్ళారా చూచితిమి. కుక్కల విషయంలో కూడ, ఒళ్ళు కదలకుండ చేసే కొన్ని మందులు లోపలి భయాన్ని పోగొట్టవని పశువైద్యులే చెబుతున్నారు. కదలని కుక్క శాంతించిన కుక్క కానక్కరలేదు.

టపాసుల రోజున చీకటి పడకముందే దానిని బయట త్రిప్పి, తిండి పెట్టి, కిటికీలు మూసి, లోపలి గదిలో దాని పాత గుడ్డ పరచి, రేడియోయో ఫ్యానో నడుపుతూ ఎవరో ఒకరు ప్రక్కన కూర్చొనవలెను. వణకుతున్నదని కసరరాదు. పండుగకు కొన్ని వారాల ముందు నుండి చిన్న శబ్దాలను వినిపిస్తూ, అప్పుడే ఇష్టమైన తిండి పెడుతూ అలవాటు చేయవచ్చును. భయం తీవ్రమైనచో పశువైద్యుడు పరీక్షించి వ్రాసిన మందు, ఆయన చెప్పిన మోతాదులో వాడడం మంచిదే. మందుకు నేను వ్యతిరేకిని కాను, మోతాదు లేని మందుకు వ్యతిరేకిని.

చట్టం కూడ ఈ తేడాను గుర్తించినది. 1940 నాటి ఔషధ చట్టం ఆయుర్వేద ఔషధాన్ని నిర్వచించినపుడు మనుషులతో పాటు జంతువుల వ్యాధులకు వాడే వాటిని కూడ చేర్చినది. దాని కింది నియమాలలో ఉమ్మెత్త, ముష్టి, భంగు వంటివి విషద్రవ్యాల పట్టికలో ఉన్నవి. కావున తయారీదారులను నేను కోరేది మూడు మాటలు. తాయిలమని పేరు పెట్టినను ప్రతి ముక్కలో ఏ ద్రవ్యం ఎంత ఉన్నదో తెలుగులో వ్రాయండి. ఎక్కువ తింటే ఏమి చేయవలెనో డబ్బాపైనే అచ్చు వేయండి. కుక్క పంటికి లొంగని మూత పెట్టండి. తోటి వైద్యులను కోరేది ఒక్కటే. మూలికా ఔషధానికి దుష్ఫలితం ఉండదని ఎవరికీ చెప్పకండి. ఆ మాట నమ్మిన ఇల్లు డబ్బాను టీవీ బల్లపై పెడుతుంది.

గృహిణులకు నా విన్నపం. ఆ డబ్బాను బిస్కట్ల ప్రక్కన కాక, పెద్దల మాత్రలతో పాటు బీరువాలో పెట్టి తాళం వేయండి. పిల్లల ముందు దానిని బిస్కట్ అనకండి, మందు అనండి. పేరు సరిగా పెట్టిన వస్తువును ఇంటిలో ఎవరైనా జాగ్రత్తగానే ముట్టుకొంటారు. నోరు లేని జీవి మన చేతిలోనిది ఏదైనా నమ్మి తింటుంది. ఆ చేతికి తూకం తెలిసి ఉండవలెను.